అరుగుబడి నుండి గదుల వరుస వరకు

మన ప్రాంతమున పూర్వము బడికి వేరుగా ఇల్లు లేదు. ఎవరి వీధియరుగు విశాలమో అదియే బడి. పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుచుండిరి. 1787లో మద్రాసునకు వచ్చిన ఆండ్రూ బెల్ దొర ఈ ఇసుకరాతను చూచి తన అనాథ శరణాలయమున ప్రవేశపెట్టెను. పిల్లలు హెచ్చినచో నాలుగు రాటలు పాతి, తాటాకు కప్పి, అరుగును ముందునకు సాగించెడివారు. వ్యయము స్వల్పము, కప్పు చల్లన. కాని నిప్పురవ్వకును గాలివానకును అది నిలువదు.

గోడలు వచ్చిన పిమ్మట వేరొక చిక్కు కలిగెను. నౌపడకు ఉప్పుమడులు జీవనాధారము. ఆ ఉప్పే గోడకు చీడ. చెమ్మతో పైకి ఎగబ్రాకి, ఆరినచోట గడ్డకట్టి సున్నపుపూతను ఊడ్చివేయును. ఇనుప ఊచలు తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. ఊచలపై సిమెంటు మందము తగ్గించి మిగిల్చిన సొమ్ము పొదుపు కాదు, అప్పు.

1987లో ఆరంభమైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకము ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని ఋతువులకు తగిన రెండు పెద్ద గదులు, లోతైన వసారా ఉండవలెననెను. పాత అరుగే కాగితమెక్కినదని నాకు తోచును! గదులను తూర్పు పడమరలుగా ఒకే వరుసలో కట్టి, ఉత్తర దక్షిణములకు కిటికీలుంచినచో ఎండ తగ్గి గాలి ఆడును. వరుస కొనను స్థలము విడిచినచో, సొమ్ము చేకూరినప్పుడు మరియొక గది చేర్చవచ్చును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. అట్టి గాలి వసారా క్రింద దూరి కప్పును పైకెత్తును. కావున వసారా కప్పును గది కప్పుతో కలుపక వేరుగా వేయవలెను. పోయినచో వసారాయే పోవును, గది మిగులును.