దిబ్బ పోయి డబ్బా వచ్చె

నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు నుంచి కొండాపురానికి ఇల్లు మారి సామాను దించుకున్న రోజు, వంటింట్లో గట్టు కింద గచ్చు మీద గుండ్రటి మరక ఒకటి కనిపించింది. చెత్తడబ్బా పెట్టిన చోటు. మరక ఉంది, డబ్బా లేదు. ఇల్లుగలావిడను అడిగితే నవ్వింది.

"ముందున్నోళ్లు ఎత్తకపొయ్యారు నాయనా. మూత గట్టిగా ఉండాదని దాంట్లో బియ్యం పోసుకున్న్యారు. బియ్యం డబ్బా వదిలిపెట్టి పోతారా యాడన్నా?"

ఆమె మాటా నిజమే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఫ్యాను ఎవరిది, గ్యాసు పొయ్యి కింది బండ ఎవరిది అని తేల్చుకుంటాం. చెత్తడబ్బా ఇంటిదా, ఇంట్లో ఉండేవాళ్లదా అని ఎవరూ అడగరు. మన పల్లెల్లో మొన్నమొన్నటిదాకా ఆ ప్రశ్న పుట్టే వీలే లేదు. ఎందుకంటే అప్పుడున్నది డబ్బా కాదు, దిబ్బ. దాన్ని ఎవరు ఎత్తకపోతారు?

మెట్ట ఊళ్లలో ఇంటికో దిబ్బ ఉండేది, దొడ్లోనో ఊరి చివరనో. పొద్దున్నే కసువు చిమ్మి, పేడ ఎత్తి, పొయ్యిలో బూడిద తోడి, అంట్లు తోమడానికి కాస్త పక్కన పెట్టుకుని, మిగిలిందంతా గంపకెత్తి దిబ్బ మీద బోర్లించేవాళ్లు. గొడ్లు నమిలి వదిలేసిన చొప్పదంట్లు, గాటిపాట్లో తడిసిన గడ్డి, ఎంగిలి విస్తళ్లు అన్నీ అక్కడికే. ఏడాది పొడుగునా మాగిన ఆ పెంటను ఎండాకాలంలో బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. తొలకరికి ముందు ఏ చేను చూసినా వరసగా నల్లటి కుప్పలే. ఎన్ని బండ్ల పెంట పడిందో చెబితే పంట ఎట్లా ఉంటుందో పెద్దవాళ్లు లెక్క కట్టేవాళ్లు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు దిబ్బజాగా కూడా వాటాల్లోకి వచ్చేది. దాని మీద మాటలు పడి పలకరింపులు మానుకున్న ఇళ్లూ ఉన్నాయి.

ఈ విద్యను తెల్లదొరలూ నేర్చుకున్నారు. ఆల్బర్ట్ హోవార్డ్ ఇండోర్‌లో చెత్తా పేడా పొరలుగా పేర్చి ఎరువు చేసే పద్ధతిని కుదిర్చి, 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి పుస్తకం వేశాడు. భారతదేశపు రైతులే తనకు గురువులని చెప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

సిగ్గు మనకే వచ్చింది. ఇప్పుడు పెంట అంటే తిట్టు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, కొత్తగా పుట్టినదాన్ని దిబ్బ మీద ఒకసారి పొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టే ఆచారం ఉండేది. పారేసిన దాని జోలికి చావు రాదని నమ్మకం. ఆ పేర్లున్న తాతలూ అవ్వలూ ఇంకా అక్కడక్కడా ఉన్నారు, మనవలు మాత్రం బడిలో ఆ పేరు చెప్పడానికి తడుముకుంటారు.

కొండాపురం మండలంలోనే గరిమెనపెంట అనే ఊరుంది. రాగి ఖనిజం ఉన్న చోటుగా భూగర్భ శాస్త్రవేత్తలకు ఆ పేరు తెలుసు. కొత్తగా విన్నవాళ్లు మాత్రం మూతి తిప్పుకుంటారు. నల్లమలలో చెంచుల గూడేలను ఇప్పటికీ పెంటలనే అంటారు. పశువులు మందవేసిన చోట పేడ పోగుపడింది, ఆ పక్కనే మనుషులు నిలిచారు, ఊరు కట్టింది అనుకుంటే నాకేమీ తక్కువగా తోచదు. ఇదే మండలంలోని చింతలదేవిలో ఇవాళ నాటు పశుజాతుల కోసం జాతీయ కామధేను పునరుత్పత్తి కేంద్రం నడుస్తోంది. పేడకు మాత్రం మళ్లీ మర్యాద వచ్చినట్టే ఉంది.

పట్నం కథ వేరు. అక్కడ చెత్త పుడుతుంది కానీ తోలడానికి చేను లేదు. 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాల బాగు కోసం చట్టం చేసింది, మరుసటి ఏడాది నెల్లూరు పురపాలక సంఘం ఏర్పడింది. తర్వాత్తర్వాత వీధి మలుపుల్లో చెత్తకుండీలు వెలిశాయి. బావి వొర లాంటి సిమెంటు గుండ్రం, దాని లోపల కంటే చుట్టూ ఎక్కువ చెత్త, పైన ఒక ఆవు.

ఇంటికి డబ్బా అనే ఆలోచనను చట్టంగా గట్టిగా దిగ్గొట్టినవాడు పారిస్ అధికారి యూజీన్ పూబెల్. 1883 నవంబరులో ఉత్తర్వు ఇచ్చి 1884 జనవరి నుంచి అమలు చేశాడు. ఇంటి యజమానే అద్దెకున్నవాళ్లకు మూత ఉన్న డబ్బాలు సమకూర్చాలన్నాడు. కుళ్లేదానికి ఒకటి, కాగితాలకూ గుడ్డపేలికలకూ ఒకటి, పింగాణీ పెంకులకూ ఆల్చిప్పలకూ ఒకటి. యజమానులు ఖర్చని గొణిగారు, చెత్త ఏరుకుని బతికేవాళ్లు పొట్ట కొట్టాడని మండిపడ్డారు. చివరికి ఫ్రెంచి భాషలో చెత్తడబ్బాకు ఆయన పేరే స్థిరపడింది. కొండాపురంలో నా సమస్యకు జవాబు అక్కడుందన్నమాట. ఆ ముక్క ఇల్లుగలావిడతో అనలేదు.

మన దగ్గర మలుపు 1996లో వచ్చింది. పట్టణాల చెత్త సమస్య మీద అల్‌మిత్రా పటేల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు, 2000లో కేంద్రం చెత్త నియమాలు తెచ్చింది. 2003లో సూర్యాపేటలో కమిషనర్ ఖాదర్ సాహెబ్ వీధికుండీలనే తీయించి ఇంటింటికీ బండి తిప్పించారు. 2015లో హైదరాబాదులో 22 లక్షల ఇళ్లకు 44 లక్షల డబ్బాలు పంచారు, ఆకుపచ్చదొకటి, నీలందొకటి. 2021 అక్టోబరు 2న విజయవాడలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి మొదలుపెట్టిన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఎరుపు కూడా చేరింది. పట్టణాల్లో సుమారు 40 లక్షల ఇళ్లకు ఇంటికి మూడు చొప్పున అని లెక్క.

డబ్బాలు ఎవరి చేతిలో పెట్టారు? ఆరోజు తలుపు తీసినవాళ్ల చేతిలో. వాళ్లు అద్దెకున్నవాళ్లయితే మూటాముల్లెతో అవీ లారీ ఎక్కాయి. కొన్నింట్లో బియ్యం పడ్డాయి, కొన్నింట్లో నీళ్లు. కొత్త డబ్బాలో చెత్త వేయడానికి మన ఆడవాళ్లకు చెయ్యి రాదు, పాతబడ్డాకే దానికి ఆ గతి. డబ్బాల వెనకాలే వచ్చిన చెత్తపన్ను మీద ఇంతకంటే పెద్ద రగడ నడిచింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో చంద్రబాబునాయుడు ఆ పన్ను రద్దని ప్రకటించారు.

పల్లెలకు వచ్చింది మరో దారి. ఈల ఊదుకుంటూ మూడు చక్రాల బండి, ఊరి చివర షెడ్డు, దాని మీద "చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం" అని బోర్డు. లోపల తొట్లలో పేడ, ఆకులు, వానపాములు. పాత దిబ్బకే పైకప్పు వేసి కొత్త పేరు రాశారనిపిస్తుంది నాకు.

సాయంత్రానికి ఇల్లుగలావిడ ఒక డబ్బా తెచ్చి ఆ మరక మీదే పెట్టింది. 20 లీటర్ల పెయింటు డబ్బా. అంచున ఎండిపోయిన నీలి రంగు, తీగ కడియానికి చుట్టిన పాత చీరముక్క.

"కూరగాయల తొక్కలు దీంట్లో ఎయ్యబాక నాయనా, గోడ మీద పెట్టు, బర్రెకేస్తా. కుడితినీళ్లు గూడా పారబొయ్యబాక."

వారం తర్వాత ఈల వినబడి డబ్బా ఎత్తుకుని గుమ్మంలోకి వెళ్లాను. అడుగున ఆరు పాలకవర్లు, నాలుగు షాంపూ పొట్లాలు, ఇల్లు మారినప్పుడు పగిలిన గ్లాసు తాలూకు పెంకులు ఉన్నాయి. పెంకులు విడిగా కాగితంలో చుట్టి ఇవ్వమని బండి అబ్బాయి డబ్బా వెనక్కి తిప్పి ఇచ్చాడు.