అబ్బా పేరు మీద కారు: ఆర్సీ ఎవరికి, వాటా ఎవరికి?

నారాయణఖేడ్: ఇంటి పెద్ద ఇంతకాల్ అయ్యాక కారు గొడవ చాలా ఇళ్లలో ఒకేలా మొదలవుతుంది. తాళం పెద్ద కొడుకు దగ్గర, ఆర్సీ చిన్న కొడుకు దగ్గర ఉంటాయి. "అబ్బా బతికుండగానే నాకిచ్చారు" అని ఒకరు, "కిస్తీలు కట్టింది నేను" అని ఇంకొకరు. అమ్మీని, ఆడపిల్లలను ఎవరూ అడగరు. ఈలోగా గడువు దాటిపోతుంది. ఆర్సీలో పేరు మార్పు వేరు, ఆస్తి పంపకం వేరు. ఈ తేడా తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

30 రోజులు, 3 నెలలు

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 50, కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లోని రూల్ 56 దీనికి వర్తిస్తాయి. యజమాని చనిపోయిన సంగతి, బండి తాము వాడుకుంటామన్న సంగతి 30 రోజుల్లోపు రవాణా శాఖకు తెలియజేస్తే, వారసులు మరణించిన రోజు నుంచి 3 నెలల వరకు పాత పేరుతోనే నడుపుకోవచ్చు. ఆలోపు ఫారం 31 పెట్టాలి. నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలోది కాబట్టి ఇక్కడి పాత బండ్లపై ఏపీ 23, తర్వాతివాటిపై టీఎస్ 15, 2024 మార్చి తర్వాత కొన్నవాటిపై టీజీ 15 కనిపిస్తాయి. బీదర్ రిజిస్ట్రేషన్ కేఏ 38 బండి అయితే అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ కూడా కావాలి.

ఏ కాగితాలు?

ఫారం 31తో పాటు మరణ ధ్రువీకరణ పత్రం, ఆర్సీ, ఇన్సూరెన్స్ ఇవ్వాలి. వారసులు ఎవరో చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకరి పేరుకు మార్చాలంటే మిగతా వారసుల అంగీకారం అఫిడవిట్‌గా అడుగుతారు. ఫైనాన్స్ బాకీ ఉంటే ముందు ఫైనాన్స్ కంపెనీతో తేల్చుకోవాలి.

ఒక తప్పు మాత్రం చేయొద్దు. పని తొందరగా అవుతుందని ఫారం 29, 30 మీద చనిపోయిన తండ్రి సంతకం పెట్టడం ఫోర్జరీ. రేపు అన్నదమ్ముల్లో ఒకరు ఫిర్యాదు చేస్తే క్రిమినల్ కేసవుతుంది.

ఇన్సూరెన్స్ సంగతీ మరవొద్దు. మోటారు పాలసీ సాధారణ నిబంధన ప్రకారం యజమాని చనిపోయాక అది 3 నెలలు లేదా పాలసీ గడువు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది.

వాటా లెక్క

ఆర్సీ ఒక్కరి పేరుకు మారినంత మాత్రాన మిగతావాళ్ల హక్కు పోదు. ముస్లింల వారసత్వానికి 1937 షరియత్ చట్టం వర్తిస్తుంది. దఫన్ ఖర్చులు, అప్పులు, బాకీ ఉన్న మెహర్ ముందు తీర్చాలి. వసీయత్ ఉంటే మిగిలినదాంట్లో మూడో వంతు దాకా చెల్లుతుంది. ఆ తర్వాతే పంపకం.

ఇవన్నీ పోగా కారు అమ్మకం డబ్బు 4,80,000 రూపాయలు మిగిలిందనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు, చనిపోయిన వ్యక్తి తల్లిదండ్రులు లేరు. హనఫీ లెక్కలో భార్యకు ఎనిమిదో వంతు 60,000, కొడుకులకు చెరో 1,68,000, కూతురికి 84,000 వస్తాయి.

"నాకిచ్చారు" అనేవాళ్లు హిబా రుజువు చేయాలి. ఇస్తున్నానని చెప్పడం, తీసుకోవడం, బతికుండగానే స్వాధీనం చేయడం, మూడూ జరగాలి. తాళం తన దగ్గర ఉందన్న ఒక్క మాట చాలదు. కిస్తీలు కట్టినవాళ్లు బ్యాంకు రసీదులు చూపి లెక్కలో అడగాలి. కారు మొత్తం తనదే అనడానికి అదొక్కటే సరిపోదు.

2021 సవరణతో ఆర్సీలో నామినీ పేరు రాసుకునే వీలొచ్చింది. నామినీ ఉంటే పేరు మార్పు సులువవుతుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల కేసులో మాత్రం నామినేషన్ వారసుల హక్కును మించదని సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో చెప్పింది.

రాజీ కుదరకపోతే?

యజమాని ఎవరో తేల్చే పని ఆర్టీవోది కాదు, సివిల్ కోర్టుది. అంతకంటే ముందు సంగారెడ్డిలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. వాటా అడగలేకపోతున్న తల్లికి, చెల్లెలికి ఇది పనికొచ్చే దారి.

తేలేదాకా బండి రోడ్డెక్కించకుండా ఇంట్లోనే ఉంచి, తాళం అమ్మీ చేతికివ్వడం మేలు. గడువు దాటాక ప్రమాదం జరిగితే నష్టం ఒక్కరితో ఆగదు.