విస్తరాకు: అడవి నుంచి బంతి దాకా

తెలుగువారి విస్తరికి ఒకే ఆకు ఎప్పుడూ లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో అరటాకు, తెలంగాణ పల్లెల్లో మోదుగాకు, శ్రీకాకుళం నుంచి అల్లూరి జిల్లా దాకా తూర్పు కనుమల అంచున అడ్డాకు. మర్రి, బాదం, తామర ఆకులూ చెల్లేవి. పెరట్లోనో చెరువులోనో అడవిలోనో ఏది చేతికందితే అదే విస్తరి అయ్యేది. ఫలానా ఆకులోనే తినాలన్న పట్టింపు ఏ వ్రతానికో తద్దినానికో తప్ప మిగతా రోజుల్లో పెద్దగా ఉండేది కాదు. ఇంట్లో కంచం ఉన్నవారు రోజూ కంచంలోనే తిని, చుట్టాలు దిగిన నాడు విస్తర్లు పరిచేవారు.

తిన్న పాత్రను పారేయడం ఈ దేశంలో పాత అలవాటే. 7వ శతాబ్దంలో ధాన్యకటకం దాకా వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ సంగతి గమనించాడు. ఈ దేశంవారు మట్టి, చెక్క పాత్రలను ఒకసారి వాడి పారేస్తారనీ, లోహపు పాత్రలను మాత్రం తోమి మెరుగుపెడతారనీ రాశాడు. దీని వెనక ఉన్నది ఎంగిలి అన్న భావన. ఒకరు తిన్నదాన్ని మరొకరు ముట్టకూడదనుకున్నప్పుడు, డబ్బు పెట్టి కొనక్కర్లేని, తోమక్కర్లేని ఆకును మించిన పాత్ర లేదు. దానికి తోడు వేసవిలో బావులు అడుగంటే మెట్ట ఊళ్లలో రెండొందల మంది తిన్న కంచాలు తోమడానికి నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? విస్తరి నిలిచింది ఎంగిలి పట్టింపు వల్ల, నీటి కరవు వల్ల, పేదరికం వల్ల. ప్రకృతి మీద ప్రేమ అని ఇప్పుడు దానికి అంటగట్టే పేరు ఆనాటివారి ఊహలో ఉండి ఉండదు.

ఈ చరిత్రలో చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండే భాగమూ ఉంది. ఇంటి కంచం ముట్టనివ్వకూడదనుకున్న కులాలవారికి ఆకులో పెట్టి పంపడం ఆసాముల ఇళ్లలో మామూలు. బంతుల్లోనూ ఎవరి వరస వారిదే. చివరి బంతి ఎవరిదో, ఎంగిలి విస్తర్లు ఎత్తే పని ఎవరిదో ముందే నిర్ణయమై ఉండేది. హోటళ్ల వంటి బహిరంగ స్థలాల్లో ఇలాంటి వివక్షను 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం దేశమంతటా నిషేధించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం దానికి శిక్షలు చేర్చింది. పాతరోజుల బంతిభోజనాన్ని తలచుకుని మురిసిపోయే వ్యాసాల్లో ఈ సంగతి తరచూ జారిపోతుంది.

మోదుగ విస్తరి తయారీకి ఒక కాలముంది. శివరాత్రి, హోళీల నాటికి ఆకు రాల్చి ఎర్రగా పూసే మోదుగ వేసవి ముదిరేసరికి కొత్త ఆకు తొడుగుతుంది. మరీ లేతాకు ఎండితే ముడుచుకుపోతుంది, మరీ ముదురాకు పెళుసుగా విరుగుతుంది. ఆ రెంటికీ మధ్య ఆకును ఏరి, నడుమ పెద్దది పెట్టి, చుట్టూ మిగతావి ఒకదానిమీదొకటి ఎక్కేలా పేర్చి, చీపురుపుల్లతోనో సన్నని వెదురు పేళ్లతోనో కుడతారు. దొంతరగా పేర్చి రాయి బరువు పెట్టి ఆరబెడితే కట్ట కట్టడానికి సిద్ధం. అటక మీద పెట్టిన కట్టలు నెలల తరబడి ఉంటాయి. వాడేముందు నీళ్లు చిలకరిస్తే మెత్తబడతాయి. ఎంత నేర్పుగా కుట్టినా సందులు మిగలక మానవు. అందుకే చారు పోయించుకునేవారు అన్నాన్ని గట్టుగా కట్టుకుంటారు. పాయసానికి వేరే దొన్నె ఉంటుంది.

అడ్డాకుది మరో దారి. అడ్డ పెద్ద పెద్ద చెట్లకు అల్లుకునే అడవి తీగ. రెండు చీలికలుగా ఉండే దాని ఆకు వెడల్పుగా, దిట్టంగా ఉంటుంది కనుక కొద్ది ఆకులతోనే విస్తరి తయారవుతుంది. ఏజెన్సీ గిరిజన స్త్రీలు దాన్ని కోసి, ఎండబెట్టి, కట్టలుగా సంతకు తెచ్చేవారు. అక్కడ ధర చెప్పేది షావుకారే. ఆ దోపిడీని అరికట్టడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థను నెలకొల్పి, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకు వంటివి కొనడం మొదలుపెట్టారు. సొంత అడవిలో ఇలాంటి సరుకు సేకరించుకుని అమ్ముకోవడం గిరిజనులకు చట్టబద్ధమైన హక్కుగా మారింది మాత్రం 2006 అటవీ హక్కుల చట్టంతోనే.

విస్తరికి తొలి పోటీ లోహం నుంచి వచ్చింది. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీ ప్రారంభించాడు. ఇత్తడి కొనలేని ఇళ్లకు సైతం ఈ పాత్రలు క్రమంగా చేరాయి. 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో స్టీలు వచ్చింది, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే వ్యాపారం వీధివీధికీ పాకింది. అయినా పెళ్లి బంతిలో విస్తరి చెక్కుచెదరలేదు. దాన్ని నిజంగా కదిలించింది మనుషులు కూర్చునే తీరు. నేల మీద కూర్చున్నంతకాలం మెత్తని ఆకు చాలు. బల్లలు వచ్చినా సర్దుకుంది. నిలబడి తినే బఫే వచ్చేసరికి ఒక చేత్తో పట్టుకోవడానికి గట్టి పళ్లెం కావలసివచ్చింది. ఆ ఖాళీలోకి థర్మోకోల్, ప్లాస్టిక్ పూత వేసిన కాగితపు ప్లేట్లు దిగాయి. బల్లల మీద పరిచేందుకు అరటాకు బొమ్మ అచ్చువేసిన కాగితాలూ వచ్చాయి. అరటాకైతే పశువులు తింటాయి, మోదుగ విస్తరి పెంటకుప్పలో ఎరువవుతుంది. ఈ కొత్త ప్లేట్లు చెరువుగట్ల మీద ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి.

2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధమయ్యాయి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు గ్లాసు ఆ జాబితాలో లేదు. సిద్దిపేట జిల్లా గ్రామాల్లో స్టీలు బ్యాంకులు పెట్టి, శుభకార్యాలకు కంచాలు, గ్లాసులు అద్దెకిస్తున్నారు. తోమే నీళ్లు, తోమే చేతులు అందుబాటులో ఉన్నచోట అది చక్కగా నడుస్తుంది. యంత్రంలో వేడిచేసి నొక్కిన విస్తర్లు బఫేకీ పనికొస్తున్నాయి గానీ వాటిలో కొన్నింటికి అట్ట, పల్చని ప్లాస్టిక్ పొర అతికిస్తారు. పోకమట్ట ప్లేటు గట్టిదే, ధరే ఎక్కువ. దాంతో ఇప్పటి పెళ్లిళ్లలో పెద్దల బంతికి అరటాకు, బఫేకి పోకమట్ట ప్లేటు, మంచినీళ్లకు కాగితపు గ్లాసు ఒకే పందిట్లో కనిపిస్తున్నాయి.