ఊరి ఆకలికి ఊరి గింజే మందు



ఒక్క మాట అడుగుతా. మీ ఊర్లో రాత్రి పొయ్యి వెలగని ఇల్లు ఏదో ఎవరికి తెలుస్తది? ఆఫీసులో ఉండే సారుకా, పక్కింటామెకా? పక్కింటామెకే అని నమ్మి నలభై ఏండ్లు పనిచేసిన పి.వి. సతీష్ గారి గురించి ఈరోజు రాస్తున్న.

ఆయనది మైసూరు. 1945లో పుట్టిండు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పల్లెల మీద కార్యక్రమాలు తీసిండు. 1983లో మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టి, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో పని మొదలుపెట్టిండు. ఊరూరా పేద దళిత ఆడవాళ్లు సంఘాలు కట్టుకున్నరు.

అదే ఏడు ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చిండు. ఆ బియ్యాన్ని నేను తప్పుపట్టను, మా అమ్మ మమ్మల్ని సాకింది దాంతోనే. కానీ బియ్యం చౌకయ్యేసరికి జొన్నను అడిగేటోళ్లు తగ్గిండ్రు. ఎర్ర చెలకలు పడావు పడ్డయి. చెలక పడావు పడితే కూలి లేదు, గింజ లేదు, పశువుకు చొప్ప లేదు. ఇంత బియ్యం దొరికినా చెయ్యి మాత్రం ఖాళీ.

దీనికి సంఘాలు 1990లలో ఒక దారి తీసినయి. పడావు భూమి ఉన్న చిన్న రైతుకు దున్నకానికి, పెంటకు, విత్తనానికి అప్పు ఇచ్చినయి. వాపసు పైసలు కాదు, జొన్నలు కొలవాలె. అది కూడా కొన్నేండ్ల పాటు విడతలుగా. ఆ జొన్నలు ఊర్లోనే దాచిండ్రు. పాత గింజ అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో పేద ఇండ్లకు తక్కువ ధరకు ఇచ్చిండ్రు. వచ్చిన పైసలు మళ్లీ నిధిలోకే.

మరి పేద ఎవరు? అది ఊరోళ్లే కూసొని తేల్చిండ్రు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. బియ్యం ఇచ్చుడు ఒక ఎత్తు, ఎవరికి ఎంత అనే తీర్పు ఊరి చేతికి ఇచ్చుడు ఇంకో ఎత్తు.

ఆ ఆడవాళ్లు జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలు ఇంట్లనే దాచుకున్నరు. ఏటా ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు ఊరూరా తిప్పే పాత పంటల జాతర చేసిండ్రు. 2008లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నరు. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది. ఆ ఏడే మార్చి 19న సతీష్ గారు కన్నుమూసిండ్రు.

ఇప్పుడు నా చేన్లో అంతా పత్తే. తినే గింజ కొనుక్కుంటున్న. రాసుకుంటుంటే సిగ్గనిపించింది. వచ్చే వానకాలం ఒక అర ఎకరం జొన్న, కంది కలిపి వేద్దామని అనుకుంటున్న. మీ ఇంట్లో పాత జొన్న విత్తనం ఉంటే చెప్పండి. శేరు ఇస్తే, పంటొచ్చినంక రెండు శేర్లు కొలుస్త.