గోల్ఫ్ స్వింగ్‌లో చేతులు, మణికట్టు: క్రికెట్ ఆడే పిల్లలు తెలుసుకోవాల్సినవి

ఆదోని, ఎమ్మిగనూరు గల్లీల్లో బ్యాటు పట్టని పిల్లాడు అరుదు. అదే పిల్లాడి చేతికి గోల్ఫ్ క్లబ్ ఇస్తే బ్యాటులాగే పట్టి, బ్యాటులాగే తిప్పుతాడు. బంతి పక్కకు పోతుంది, మణికట్టు నొప్పి పుడుతుంది. మగ్గం మీదో, పత్తి మిల్లులోనో చేతి కష్టంతో బతికే ఇళ్లలో మణికట్టు చెడితే ఆట ఒక్కటే కాదు, పని కూడా ఆగుతుంది.

క్రికెట్‌కూ గోల్ఫ్‌కూ తేడా

మణికట్టు, అంటే ఉర్దూలో కలాయి, అనగానే గుర్తొచ్చే పేరు హైదరాబాద్ మొహమ్మద్ అజారుద్దీన్. 1984 డిసెంబర్ 31న మొదలైన టెస్టుతో అడుగుపెట్టి, తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టారు. ఆఫ్ స్టంప్ బయటి బంతిని కూడా మణికట్టు తిప్పి లెగ్ వైపు పంపేవారు. క్రికెట్‌లో బంతి కదిలి వస్తుంది కాబట్టి ఆఖరి క్షణంలో తిప్పడం పనికొస్తుంది. గోల్ఫ్ బంతి నేలమీద కదలకుండా ఉంటుంది. అక్కడ ఆఖరి క్షణంలో తిప్పితే గురి తప్పుతుంది.

పట్టు ఎలా ఉండాలి? (కుడిచేతి వాటం వారికి)

క్లబ్ పిడి ఎడమ అరచేతి మధ్యలో కాకుండా వేళ్ల మొదట్లో పడాలి. పైనుంచి చూస్తే ఎడమచేతి పిడికిలి గుబ్బలు రెండు కనబడాలి. కుడి అరచేయి ఎడమ బొటనవేలిని కప్పాలి. రెండు చేతుల్లోనూ బొటనవేలు, చూపుడువేలు కలిసే గీత గడ్డానికీ కుడి భుజానికీ మధ్య వైపు చూపాలి.

చేతులు కలిపే పద్ధతులు మూడు. కుడి చిటికెన వేలును ఎడమచేతి మీద ఉంచేది వార్డన్ పట్టు. బ్రిటిష్ ఓపెన్ ఆరుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్ పేరుతో ప్రసిద్ధి. చిటికెన వేలును ఎడమ చూపుడువేలితో పెనవేసేది రెండోది. జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ ఇలాగే పట్టారు. చిన్న చేతుల పిల్లలకు పదివేళ్లూ పిడి మీద ఉంచే మూడోది సులువు.

బిగించి పట్టొద్దు. పది మార్కుల బిగువులో నాలుగైదు చాలు. బంతి బరువే 46 గ్రాములు దాటదు, దానికి బలం కాదు, వేగం కావాలి.

మణికట్టు కదలిక

క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమచేయి నేలకు సమాంతరంగా వచ్చేసరికి మణికట్టు బొటనవేలి వైపు మడవాలి. చేయి, క్లబ్ కలిసి దాదాపు 90 డిగ్రీల కోణం చేస్తాయి. పైకి చేరాక ఎడమ మణికట్టు వెనుకభాగం చదునుగా ఉండాలి. అది వెనక్కి వంగితే క్లబ్ ముఖం తెరుచుకొని బంతి కుడికి పోతుంది. లోపలికి మరీ వంగితే ఎడమకు పోతుంది.

కిందికి వచ్చేటప్పుడు ముందు నడుము తిరగాలి, కోణం ఆఖరికి విడుదలవ్వాలి. ఐరన్ క్లబ్‌తో కొట్టే క్షణంలో చేతులు బంతి కంటే కొంచెం ముందుంటాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: బంతిని లేపాలని మణికట్టుతో గరిటెలాగా ఎత్తుతారు. ఆ అవసరం లేదు, క్లబ్ ముఖం వాలే బంతిని లేపుతుంది.

ఇంటి సాధన

ఎడమచేతి వాచీ పట్టీ కింద ప్లాస్టిక్ స్కేలు దూర్చి, చేతి వెనుకభాగం మీదుగా ఉంచి, నెమ్మదిగా స్వింగ్ చేయాలి. మణికట్టు వెనక్కి వంగితే స్కేలు గుచ్చుకొని చెప్పేస్తుంది. చుట్టూ పిల్లలు లేకుండా చూసుకోవాలి.

నొప్పి వస్తే

అరచేతిలో చిటికెన వేలి వైపు నొప్పి తగ్గకపోతే పిడి ఒత్తిడికి అక్కడి చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు. మామూలు ఎక్స్‌రేలో అది కొన్నిసార్లు కనబడదు. కట్టు కట్టించుకొని ఊరుకోకుండా ఎముకల డాక్టరుకు చూపించాలి.

అందరి ఒళ్లూ ఒకేలా ఉండదు. అమెరికాలోని తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగలకు వెన్నెముక వంపు ఉంది. అయినా 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. స్వింగ్ చూడ్డానికి ఎలా ఉన్నా, క్లబ్ బంతిని తాకే క్షణంలో మణికట్టు సరిగా ఉండటమే ముఖ్యం.