లూగో ప్రాకారం: పదిహేడు శతాబ్దాల కోటగోడపై ఒక నడక

స్పెయిన్ దేశపు వాయవ్య మూలన, గలీషియా ప్రాంతంలో, మిన్యో నదికి ఎగువన ఉన్న మెరకపై లూగో నగరం వెలసింది. మూడో శతాబ్దంలో రోమన్లు ఈ నగరం చుట్టూ నిర్మించిన ప్రాకారం నేటికీ పూర్తి వలయంగా నిలిచి ఉంది. పశ్చిమ రోమన్ సామ్రాజ్యంలో ఇటువంటి కోటగోడలున్న నగరాలు ఎన్నో ఉండేవి గాని, వాటిలో చాలావరకు గోడలు కూలిపోయాయి, లేదా వాటి రాళ్లు తర్వాతి కట్టడాల్లో కలిసిపోయాయి. లూగోలో మాత్రం రెండు కిలోమీటర్లకు కొంచెం పైబడిన చుట్టుకొలత మొత్తాన్ని గోడమీదనే నడిచి రావచ్చు. కాపలా సైనికులు తిరగడానికి గోడ తలమీద ఏర్పరచిన ఈ బాటను అక్కడివారు 'అదార్వే' అంటారు. ఒకవైపు పెంకుటిళ్ల కప్పులూ కేథడ్రల్ శిఖరాలూ, మరొకవైపు కొత్త నగరపు వీధులూ కనిపించే ఈ బాట నేడు ఊరివారికి ఉదయసాయంకాలాల నడకదారి. ఇంతటి దీర్ఘాయువు దానికి రాతి బలం వల్లనే రాలేదు. ప్రతి యుగమూ ఆ గోడతో తనకు ఒక అవసరం ఉందని గుర్తించినందువల్ల వచ్చింది.

ఈ నగరపు రోమన్ పేరు లూకుస్ ఔగుస్తి. ఐబీరియా ద్వీపకల్పపు ఉత్తర ప్రాంతంలోని తెగలపై సాగిన కంటాబ్రియన్ యుద్ధాలు క్రీ.పూ. 19లో ముగిశాక, అగస్టస్ చక్రవర్తి ప్రతినిధిగా వచ్చిన పౌలుస్ ఫాబియస్ మాక్సిమస్ క్రీ.పూ. 13 ప్రాంతంలో దీనిని స్థాపించాడు. చుట్టుపక్కల తెగల న్యాయవిచారణకూ పరిపాలనకూ ఉద్దేశించిన 'కొన్వెంతుస్' అనే మండలానికి ఇది కేంద్రమైంది. నేటి బ్రాగా, అస్తోర్గా నగరాలతో దీనిని రాజమార్గాలు కలిపాయి. స్థాపన తర్వాత రెండున్నర శతాబ్దాలకు పైగా ఈ నగరం, సామ్రాజ్యపు సరిహద్దులు దూరంగా, భద్రంగా ఉన్నాయన్న నమ్మకంతో, ఇటువంటి ప్రాకారం లేకుండానే బతికింది.

ఆ నమ్మకం మూడో శతాబ్దపు మధ్యలో సడలింది. చక్రవర్తులు ఒకరి తర్వాత ఒకరుగా హత్యలకు గురవుతుండగా, రైన్ నది దాటి వచ్చిన ఫ్రాంకులు 260 ప్రాంతంలో హిస్పానియాలోకి, అనగా రోమన్ ఏలుబడిలోని ఐబీరియాలోకి, చొరబడి తూర్పు తీరపు రాజధాని తర్రాకోను దోచుకున్నారు. అదే కాలంలో, నేటి ఫ్రాన్స్ ఉన్న గాల్ ప్రాంతం రోమ్ నుంచి వేరుపడి ప్రత్యేక రాజ్యంగా నిలవగా, హిస్పానియా కూడా కొన్నేళ్లపాటు దాని పక్షాన నడిచింది. లూగో ప్రాకారం ఈ కల్లోల దశలోనే, 263, 276 సంవత్సరాల మధ్య నిర్మితమైందని పరిశోధకులు సాధారణంగా చెబుతారు. దీనికి శత్రుభయం ఒక్కటే కారణం కాదని భావించే చరిత్రకారులూ ఉన్నారు. అస్తోర్గా, లియోన్, బ్రాగా వంటి వాయవ్య నగరాలు కూడా దాదాపు ఇదే యుగంలో బలమైన గోడలు కట్టుకోవడాన్ని గమనించి, సైన్యానికి పన్నుగా వసూలైన ధాన్యాన్నీ సరుకులనూ భద్రపరచి తరలించే వ్యవస్థతో వారు ఈ నిర్మాణాలను ముడిపెడతారు.

ప్రాకార నిర్మాణంలో స్థానిక వనరుల ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. లోపలా వెలుపలా రెండు ముఖాలను ఆ నేలలో విరివిగా దొరికే పలకరాయితో పేర్చి, ద్వారాల వద్దా మూలల వద్దా గ్రానైటు దిమ్మెలు వాడి, నడుమ ఖాళీని మట్టి, గులకరాళ్లు, పాత కట్టడాల రాళ్లు కలిపి దిమ్మిస చేసి నింపారు. గోడ మందం నాలుగు మీటర్ల నుంచి ఏడు మీటర్ల వరకు, ఎత్తు 8 నుంచి 12 మీటర్ల వరకు మారుతూ ఉంటుంది. వెలుపలికి పొడుచుకు వచ్చిన 85 బురుజుల్లో అత్యధికం అర్ధవృత్తాకారంలో ఉన్నాయి. సగటున 25 మీటర్లకు ఒకటి చొప్పున వీటిని నిలపడం వల్ల, గోడ అడుగుకు చేరిన శత్రువుపై రెండు పక్కల నుంచీ బాణాలు కురిపించే వీలు కలిగింది. గోడకు బయట అగడ్త తవ్వారు. బురుజుల పైభాగాన కిటికీలున్న అంతస్తులు ఉండేవి. నేడు 'ఆ మొస్కేయిరా' అనే బురుజుపై మిగిలిన రెండు కిటికీలను బట్టి ఆనాటి ఎత్తును ఊహించవచ్చు.

ఈ గోడ కోసం నగరం పెద్ద మూల్యమే చెల్లించింది. సుమారు 34 హెక్టార్లను చుట్టిన కొత్త వలయం పాత నగరపు హద్దులను యథాతథంగా అనుసరించలేదు. నివాసాలున్న కొంత భాగం బయట మిగిలిపోగా, గోడ దారికి అడ్డువచ్చిన ఇళ్లు కూలాయి. కేథడ్రల్ సమీపంలో తవ్వకాలలో బయటపడిన ఒక సంపన్న గృహం దీనికి నిదర్శనం. ఆ ఇంట పర్షియా మూలాలున్న మిత్ర దేవుని ఆలయం ఉండేది. ఏడో లీజియన్, అనగా రోమన్ సేనలోని ఏడో మహాదళానికి చెందిన గాయస్ విక్టోరియస్ విక్టోరినస్ అనే శతాధిపతి మూడో శతాబ్దపు ఆరంభంలో ఆ దేవునికి సమర్పించిన శిలావేదిక 2003లో అక్కడ దొరికింది. ఆ గృహంలో కొంత భాగాన్ని పడగొట్టి ఆ స్థలంలోనే ప్రాకారాన్ని లేపారు.

ఇంత చేసినా గోడ ప్రజలను అన్నివేళలా కాపాడలేకపోయింది. 409లో హిస్పానియాలోకి వచ్చిన సువీ జాతివారు వాయవ్యంలో రాజ్యం స్థాపించుకున్నారు. 460లో ఈస్టర్ పండుగ దినాలలో, ఆ రోజుల పవిత్రతను నమ్ముకుని నిశ్చింతగా ఉన్న లూగో రోమన్లపై వారు హఠాత్తుగా దాడిచేసి, నగరాధిపతితో సహా పలువురిని చంపారని సమకాలీనుడైన హైడేషియస్ బిషప్ తన వృత్తాంతంలో నమోదు చేశాడు. ప్రాకారాన్ని ఎంత దృఢంగా కట్టినా, దాని లోపలి రాజకీయం చెదిరినప్పుడు అది నిస్సహాయంగా నిలబడుతుందని ఈ ఘటన స్పష్టం చేస్తుంది.

మధ్యయుగంలో గోడ పాత్ర మారింది. తొమ్మిదో శతాబ్దంలో గలీషియాలోని సాంతియాగోలో అపొస్తలుడైన యాకోబు సమాధి బయటపడిందన్న వార్తతో అక్కడికి యాత్ర మొదలైనప్పుడు, ఒవియేదో నుంచి సాగే తొలి యాత్రామార్గం లూగో మీదుగా పోయింది. యాత్రికులు సాన్ పెద్రో ద్వారం గుండా లోపలికి వచ్చి, కేథడ్రల్‌ను దర్శించి, మిన్యా ద్వారం గుండా నది వైపు దిగేవారు. ఆ దారి నేటికీ సజీవం. రెండు బురుజుల నడుమ రాతి కమానుతో నిలిచిన మిన్యా ద్వారం రోమన్ రూపాన్ని అన్నింటికంటే ఎక్కువగా నిలుపుకుంది. కేథడ్రల్ ఎదుటి సాంతియాగో ద్వారాన్ని మాత్రం 1759లో బండ్లు పట్టేలా విస్తరించారు.

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లోని అనేక నగరాలు ఎదుగుదలకు అడ్డమని కోటగోడలను పడగొట్టాయి. లూగో గోడను తీసివేయకుండా తెరిచింది. అప్పటివరకు ఉన్న ఐదు ద్వారాలకు 1853 తర్వాత మరో ఐదు చేరాయి. రైలు వచ్చిన 1875లోనే స్టేషన్‌కు దారిగా ఒక ద్వారం ఏర్పడగా, 1894లో మరొకటి తెరుచుకుంది. అంతకుముందు, సింహాసన వారసత్వంపై సాగిన కార్లిస్టు అంతర్యుద్ధ కాలంలో, 1837లో, ఫిరంగుల కోసం ఒక బురుజును విశాలంగా మార్చి రాణి మరియా క్రిస్తినా పేరు పెట్టారు. చివరి ద్వారం తెరిచిన 1921లోనే ప్రాకారాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించడం ఒక దృష్టి ముగిసి మరొకటి మొదలైన సంధికాలాన్ని సూచిస్తుంది.

స్మారకమైన తర్వాత కూడా గోడ చాలాకాలం కనుమరుగుగానే ఉండిపోయింది. వెలుపలి ముఖానికి ఆనించి కట్టిన ఇళ్లు బురుజులను కప్పివేశాయి. 1970ల ఆరంభంలో వాటిని తొలగించాక నగరవాసులకు ప్రాకారపు ఆకృతి మళ్లీ పూర్తిగా కనిపించింది. 2000లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

అందువల్ల అదార్వేపై నడిచే సందర్శకుడు చూసేది మూడో శతాబ్దపు కట్టడాన్ని మాత్రమే కాదు. మిన్యా కమానులో రోమన్ శిల్పి పనితనాన్నీ, సాంతియాగో ద్వారంలో పద్దెనిమిదో శతాబ్దపు బండ్ల అవసరాన్నీ, క్రిస్తినా బురుజులో అంతర్యుద్ధ భయాన్నీ, స్టేషన్ ద్వారంలో రైలుయుగపు తొందరనూ ఒకే వలయంలో చదవవచ్చు. రోమన్ రూపం కాని ప్రతి మార్పునూ కళంకంగా భావించి తుడిచివేస్తే మిగిలేది అసంపూర్ణ చరిత్రే అవుతుంది. ప్రాచీన కట్టడాలను కంచె వేసి దూరం నుంచి చూపించడం ఒక్కటే పరిరక్షణ కాదని, చట్టరక్షణతో పాటు ప్రజల నిత్యజీవితంలో వాటికి చోటు దక్కినప్పుడే అవి తరతరాలకు నిలుస్తాయని లూగో ప్రాకారం నిరూపిస్తున్నది.