చక్రాలపై విశ్వవిజేత.. అనూప్ కుమార్ యామా

హసన్‌పర్తి: జాతీయ క్రీడా పురస్కారాల్లో 2015వ సంవత్సరం హైదరాబాద్‌కు కలిసివచ్చిందనే చెప్పాలి. టెన్నిస్ తార సానియా మీర్జా ఖేల్‌రత్నకు, బ్యాడ్మింటన్ ఆటగాడు కిదాంబి శ్రీకాంత్ అర్జున పురస్కారానికి ఎంపికయ్యారు. అదే అర్జున జాబితాలో నగరానికి చెందిన మరో క్రీడాకారుడి పేరూ ఉంది. ఆయనే రోలర్ స్కేటింగ్ క్రీడాకారుడు అనూప్ కుమార్ యామా. మొదటి ఇద్దరి గురించి బడి పిల్లలను అడిగినా చెబుతారు. అనూప్ పేరు చెబితే మాత్రం పలువురికి కబడ్డీ జట్టుకు నాయకత్వం వహించిన హర్యానా వాసి అనూప్ కుమార్ గుర్తుకు వస్తారు. అప్పటికే ప్రపంచ విజేతగా నిలిచిన క్రీడాకారుడికి దక్కిన గుర్తింపు ఇంతే కావడం విచారకరం.

మంచు లేని చోట..

శీతల దేశాల్లో మంచుపై ఆడే ఫిగర్ స్కేటింగ్‌కు చక్రాల రూపమే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్. పూర్వం క్రీడాకారులు మంచుపై వలయాలు, ఎనిమిది అంకె వంటి ఆకృతులను గీస్తూ సాగేవారు. అందుకే ఆ పేరు వచ్చింది. మంచుపై ఆడే ఫిగర్ స్కేటింగ్ 1908లో లండన్ ఒలింపిక్స్‌లోనే చోటు సంపాదించింది. చక్రాల స్కేటింగ్‌కు మలుపు 1863లో వచ్చింది. అమెరికాకు చెందిన జేమ్స్ ప్లింప్టన్ నాలుగు చక్రాల స్కేట్లలో రబ్బరు దిమ్మెలను అమర్చారు. దాంతో శరీరాన్ని వంచిన వైపునకే స్కేటు తిరగడం సాధ్యమైంది.

ఇందులో క్రీడాకారుడు సంగీతానికి అనుగుణంగా గెంతులు, భ్రమణాలు, పాదవిన్యాసాలు ప్రదర్శించాలి. సాల్కో, లుట్జ్, యాక్సెల్ వంటి గెంతులు మంచుపైనా, చక్రాలపైనా ఒకటే. వీటిలో యాక్సెల్ కఠినమైనది. ముందుకు సాగుతూ ఎగిరి, వెనక్కు దిగాలి. కనుక మిగతా గెంతుల కంటే అర చుట్టు అదనంగా తిరగవలసి ఉంటుంది. అనూప్ పోటీపడిన కాలంలో న్యాయనిర్ణేతలు సాంకేతిక నైపుణ్యానికి, కళాభివ్యక్తికి వేర్వేరుగా మార్కులు ఇచ్చేవారు. బలం ఒక్కటే ఉన్నా, లయ ఒక్కటే తెలిసినా పతకం రాదన్నమాట. బరువైన చక్రాలతో గాలిలోకి లేచి, గట్టి నేలపై ఒంటికాలిపై దిగడం చూసేవారికి సులువనిపించినా, మోకాళ్లకు పెద్ద పరీక్షే.

గ్వాంగ్‌ఝౌ నుంచి తైవాన్‌కు

చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 2010 నవంబరులో జరిగిన ఆసియా క్రీడల్లో రోలర్ క్రీడలకు తొలిసారి స్థానం కల్పించారు. ఆ అవకాశాన్ని అనూప్ రెండు చేతులా అందుకున్నారు. పురుషుల వ్యక్తిగత ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం, అవనీ పాంచాల్‌తో కలిసి జంటల విభాగంలో మరో కాంస్యం సాధించారు. రోలర్ క్రీడల్లో అక్కడ భారత్‌కు లభించిన పతకాలు ఆ రెండే. ఒంటరిగా ఆడటం వేరు, జంటగా ఆడటం వేరు. జంటల పోటీలో సహచరిని పైకెత్తి తిప్పాలి, ఇద్దరి అడుగులూ ఒకే క్షణంలో పడాలి. ఒకే క్రీడల్లో రెండు విభాగాలకూ సిద్ధం కావడం సామాన్య విషయం కాదు.

మూడేళ్ల తర్వాత 2013లో తైవాన్‌లో నిర్వహించిన ప్రపంచ ఆర్టిస్టిక్ స్కేటింగ్ పోటీల్లో ఆయన ఇన్‌లైన్ విభాగంలో స్వర్ణం గెలుచుకున్నారు. చక్రాలు జంటలుగా కాక ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్లు మంచు స్కేటు అంచును తలపిస్తాయి. మంచు రింకుల మధ్య పెరిగిన దేశాల వారిని దాటి హైదరాబాద్ యువకుడు ఆ పతకం అందుకోవడం విశేషం.

అయితే విశ్వవిజేతగా నిలిచిన మరుసటి ఏడాదే, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల నుంచి రోలర్ క్రీడలను తొలగించారు. 2018 ఆసియా క్రీడల్లో స్పీడ్ స్కేటింగ్‌కు చోటిచ్చినా ఆర్టిస్టిక్ విభాగానికి ఇవ్వలేదు. ఒలింపిక్స్‌లో ఈ క్రీడ ఏనాడూ లేదు. ఫలితంగా క్రీడాకారుడిగా మంచి ఈడున్న రోజుల్లో, దేశ ప్రజలంతా చూసే వేదిక ఏదీ ఆయనకు మిగల్లేదు. అర్జున రాకపోయి ఉంటే ఈ మాత్రమైనా పేరు వినిపించేది కాదేమో!

ఆర్టిస్టిక్ విభాగం తిరిగి ఆసియా క్రీడల్లో కనిపించింది 2023లో, హాంగ్‌ఝౌలో. గ్వాంగ్‌ఝౌ తర్వాత భారత్‌కు రోలర్ స్కేటింగ్ పతకాలు దక్కిందీ అక్కడే. ఆ రెండు కాంస్యాలూ 3,000 మీటర్ల స్పీడ్ రిలేల్లో వచ్చాయి.